బాలింత పళ్ళెం జోలికి రాకండి

సోలాపూర్ పూర్వభాగంలో మన పద్మశాలీల ఇళ్ళల్లో బాలింతను చూడవచ్చినవాళ్ళు బిడ్డ కన్నా ముందు తల్లి పొట్ట చూస్తున్నారు. "ఏందే, గింత దొడ్డగైనవ్!" అనేసి, చాయ్ తాగి పోతారు. ఆ పిల్ల ఆ రాత్రే ఒక రొట్టె తగ్గిస్తుంది. ఇంట్లో పెద్దల పథ్యం: పప్పు వద్దు, కూర వద్దు, నీళ్ళు ఎక్కువ తాగకు. చేతిలోని ఫోన్‌లో నెలకు పది కిలోలు దించుతామనే పొడుల బేరగాళ్ళు. పాలిచ్చే తల్లి నోరు కట్టడానికి ఇంతమందా?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క వినండి. కడుపుతో ఉన్నప్పుడు రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలి. పాలిచ్చే మొదటి 6 నెలల్లో 600 కావాలి. అంటే "ఇద్దరి తిండి తిను" అని వెంటపడిన ఇల్లు, అసలు అవసరం పెరిగిన రోజున గిన్నె దాస్తోంది!

బరువు తగ్గాలనుకోవడం నేరం కాదు. ప్రసవమయ్యాక మొదటి రెండు నెలలు ఆ ఊసు ఎత్తొద్దు. కడుపుతో ఉన్నప్పుడు చేరిన కొవ్వు కొంత పాల తయారీకే ఖర్చవుతుంది. ఆ తర్వాత వారానికి అర కిలో తగ్గితే చాలు. భజ్జీలు, మిఠాయిలు, చక్కెర చాయ్ తగ్గించండి. జొన్నరొట్టె, పప్పు, మెంతికూర, గుడ్డు మానొద్దు. దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగాలి. ఆపరేషనైతే డాక్టరు సరేనన్నాకే కసరత్తు. బరువు దించే మాత్రలు, పొడులు, కషాయాలు పాలిచ్చినన్నాళ్ళూ ముట్టొద్దు.

రోజూ నడవమంటారు. ఇంట్లో బీడీలు చుట్టే మన ఆడవాళ్ళు ఎప్పుడు నడవాలి? ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, వెయ్యి బీడీలు చుడితేనే కూలి లెక్క. కదలకుండా కూర్చోబెట్టింది మనం, లావయ్యావని వెక్కిరించేదీ మనమే! పైగా తంబాకు దుమ్ము. అందులోని నికోటిన్ తల్లిపాలలోకి దిగుతుంది.

ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళకూ ప్రసూతి సాయం వర్తిస్తుందని 1966లోనే చట్టం రాశారు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలైంది. బీడీ కార్డు అత్త పేరిట ఉండి కోడలు చుట్టే ఇంట్లో ఆ సెలవు ఎవరిది? చుట్టే చేతి పేరే కార్డులో ఉండాలని కార్ఖానాదారును నిలదీయండి. మగ్గం దిగొచ్చిన మగవాళ్ళారా, అరగంట బిడ్డనెత్తుకోండి, ఆమె నడిచొస్తుంది. ఇంత కూడా చేయలేనివాళ్ళకు ఆమె ఒంటి గురించి మాట్లాడే హక్కు లేదు.