ఇల్లు అమ్మించే మధ్యవర్తి ఎలాంటివాడై ఉండాలి?

మహేంద్రతనయ నదీ తీరాన ఉన్న పాతపట్నం సరిహద్దు పట్టణం. దానికి ఆనుకొని ఉన్నట్టే ఒడిశాలోని పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ రెండూ మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ తరువాత ఒకటి అటు, ఒకటి ఇటు అయినా, బంధుత్వాలూ వ్యాపారాలూ గీత దాటి సాగుతూనే ఉన్నాయి. ఇళ్ళ క్రయవిక్రయాలు కూడా అంతే.

ఈ ప్రాంతం నుండి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ విశాఖపట్నానికో, హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో వెళ్ళినవారు మన కుటుంబాలలోనూ ఎందరో ఉన్నారు. తల్లిదండ్రులు గతించాక ఊరిలోని ఇంటికి తాళం పడుతుంది. కొన్నేళ్ళకు పెంకులు జారుతాయి, గోడ నెర్రెలు విచ్చుతుంది. "ఇక అమ్మేద్దాం" అన్న మాట ఏదో ఒక పండుగనాడు బయటికి వస్తుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, ఎవరి చేత అమ్మించాలి అన్నది. ఈ నెల ఆ ప్రశ్ననే పరిశీలిద్దాం.

చిన్న పట్టణాలలో ఇళ్ళ మధ్యవర్తికి కార్యాలయం, నామఫలకం ఉండడం అరుదు. దస్తావేజు లేఖరి దగ్గర కూర్చునే వ్యక్తి కావచ్చు, కిరాణా దుకాణదారు కావచ్చు, నాన్నగారి పాత స్నేహితుడు కావచ్చు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం 9వ సెక్షన్ ఏజెంట్లు నమోదు కావాలని చెబుతున్నది గాని, ఆ నిబంధన కొత్త ప్రాజెక్టులలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించేవారిని ఉద్దేశించినది. తండ్రి కట్టిన పాత ఇంటిని మరొకరికి అమ్మించే వ్యక్తి సాధారణంగా దాని పరిధిలోకి రాడు. అంటే అతనిని ప్రభుత్వం పరీక్షించి మన ముందు నిలబెట్టలేదు. ఆ పరీక్ష మనమే చేసుకోవాలి.

అందరికంటే ఎక్కువ ధర చెప్పినవానికే ఇల్లు అప్పగించడం మనలో సర్వసాధారణం. మా దృష్టిలో అది సరైన కొలత కాదు. ధర చెప్పడానికి ఖర్చు లేదు. మధ్యవర్తి మొదటి భేటీలో ఏమి అడిగాడన్నదే గమనించాలి. దస్తావేజు ఎవరి పేర ఉంది? అంతకు ముందరి లింకు పత్రాలు ఉన్నాయా? ఈసీ తీయించారా? వారసులు ఎందరు, అందరూ ఒప్పుకున్నారా? ఈ ప్రశ్నలు అడిగినవాడు పని తెలిసినవాడు. ఇవేవీ అడగక "రేపే పార్టీని తెస్తాను" అన్నవాడు రేపటి చిక్కును కూడా వెంట తెచ్చే అవకాశం ఉంది.

వారసుల ప్రశ్న మన ఇళ్ళలో మరీ ముఖ్యం. ముస్లిం వారసత్వ ధర్మం ప్రకారం తండ్రి మరణంతోనే భార్య, కుమారులు, కుమార్తెలు ఎవరి వాటాకు వారు యజమానులవుతారు. హిందూ ఉమ్మడి కుటుంబంలోని కర్త వంటి స్థానం మన చట్టంలో పెద్ద కుమారునికి లేదు. అతను తన వాటాను తప్ప మరొకరి వాటాను అమ్మజాలడు. అయినా "ఆడపిల్లలు ఏమంటారు బాబూ, వాళ్ళ సంతకాలు తర్వాత చూసుకుందాం" అనే మధ్యవర్తులు ఉంటారు. ఆ మాట విన్ననాడే అతనికి సలాం చెప్పి లేచి రావడం మేలు. అతను సలహా ఇస్తున్నది చెల్లెళ్ళ హక్కును కాజేయమని. అది అల్లాహ్ నిర్ణయించిన వాటా. చట్టం దృష్టిలోనూ ఆ అమ్మకం చెల్లెళ్ళ వాటా మేరకు నిలవదు.

మైనరు పిల్లలు ఉన్న ఇంట మరింత జాగ్రత్త కావాలి. తండ్రి లేని పిల్లల స్థిరాస్తిని తల్లి తన సంతకంతో అమ్మగలదని చాలామంది అనుకుంటారు. ముస్లిం చట్టం ప్రకారం తల్లి పిల్లల ఆస్తికి సహజ సంరక్షకురాలు కాదని, ఆమె చేసిన అలాంటి అమ్మకం పిల్లలను బంధించదని 1918లోనే ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 1890 నాటి సంరక్షకుల చట్టం క్రింద న్యాయస్థానం ఆమెను సంరక్షకురాలిగా నియమించి, అమ్మకానికి అనుమతి ఇవ్వాలి. పని తెలిసిన మధ్యవర్తి ఈ సంగతి ముందే చెప్పి న్యాయవాది వద్దకు పంపుతాడు. తెలియనివాడు బయానా ఇప్పిస్తాడు. పిల్లలు పెద్దవారైన తరువాత వివాదం మొదలవుతుంది.

రెండవ పరీక్ష, పత్రంలో రాసే ధర. ఇల్లు 32 లక్షలకు కుదిరిందనుకుందాం. "దస్తావేజులో 16 లక్షలు రాద్దాం, మిగతాది చేతికి" అంటాడు మధ్యవర్తి. కొన్నవారికి స్టాంపు సుంకం తగ్గుతుంది, మీకు పన్ను తగ్గుతుంది అని నచ్చజెబుతాడు. ఇప్పుడు లెక్క చూడండి. గతించిన తండ్రికి భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు మాత్రమే వారసులు, అప్పులు, వసీయతు లేవు అనుకుంటే, 32 లక్షలలో తల్లికి ఎనిమిదవ వంతు 4 లక్షలు, కుమారునికి 14 లక్షలు, ఒక్కొక్క కుమార్తెకు 7 లక్షలు రావాలి. పంపకం దస్తావేజు చూపి జరిగితే తల్లికి 2 లక్షలు, ఒక్కొక్క కుమార్తెకు మూడున్నర లక్షలే వస్తాయి. చేతికి వచ్చిన నగదు ఎవరి వద్ద ఉన్నదో, ఎంత ఉన్నదో అత్తవారింట ఉన్న చెల్లెలికి ఎలా తెలుస్తుంది? ప్రభుత్వాన్ని తప్పించుకోవడానికి వేసిన ఎత్తు చివరకు సొంత తోబుట్టువులపైనే పడుతుంది. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేల రూపాయలు, అంతకు మించిన సొమ్మును నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుండి నిషేధించింది. పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానాగా కట్టవలసి రావచ్చు.

మూడవది కమీషన్. మధ్యవర్తి తీసుకునే ప్రతిఫలం ధర్మసమ్మతమేనా అని కొందరు పాఠకులకు సందేహం కలగవచ్చు. ఇమామ్ బుఖారీ తన హదీసు గ్రంథంలో దళారీ వేతనానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టి, ఇబ్నె సీరీన్, అతా, హసన్ వంటి పెద్దలు అందులో దోషం చూడలేదని తెలిపారు. ఇంత ధరకు పైన వచ్చింది నీదే అని చెప్పి అమ్మించడాన్ని కూడా ఇబ్నె అబ్బాస్ (రజి) అనుమతించినట్టు అక్కడే ఉంది. ఇక్కడ గమనించవలసింది, ఆ షరతు ఇద్దరికీ తెలిసి ఉండడం. మన ఊళ్ళలో జరిగేది వేరు. అమ్మేవారికి 28 లక్షలని, కొనేవారికి 32 లక్షలని చెప్పి, ఇద్దరినీ రిజిస్ట్రేషను రోజు వరకు కలవనీయక, నడుమ 4 లక్షలు మిగుల్చుకొని, ఆపైన ఇరువైపులా కమీషన్ అడగడం. ఇది వేతనం కాదు, మోసం. 1872 నాటి ఒప్పందాల చట్టం కూడా ఏజెంటు తన యజమానికి సరైన లెక్క చెప్పాలని, యజమానికి తెలియకుండా సొంత లాభానికి బేరం నడిపితే ఆ లాభాన్ని యజమాని కోరవచ్చని అంటున్నది. కాబట్టి కొనేవారిని నేరుగా కలిసే హక్కును మొదటిరోజే అడగండి. ఒప్పుకోని మధ్యవర్తిని విడిచిపెట్టండి.

దూరాన ఉన్నవారికి పొంచి ఉన్న మరో అపాయం, పవర్ ఆఫ్ అటార్నీ. "మీరు రావడం ఎందుకు, నా పేర ఒక పవర్ రాసి పంపండి" అనే మధ్యవర్తికి ఇల్లు అప్పగించడమంటే బీరువా తాళాలు ఇవ్వడమే. అధికారం ఇవ్వక తప్పనప్పుడు మధ్యవర్తికి కాక తోబుట్టువుకో, నమ్మకమైన బంధువుకో ఇవ్వండి. అదీ ఆ ఒక్క ఇంటికి, ఆ ఒక్క అమ్మకానికి పరిమితం చేసి రాయించండి. గల్ఫ్‌లో ఉన్నవారు భారత రాయబార కార్యాలయంలోనో కాన్సులేటులోనో సంతకం చేసి పంపిన పత్రానికి, అది మన దేశం చేరిన 3 నెలలలోగా స్టాంపు వేయించాలి. కొనేవారికి కూడా జనరల్ పవర్ మీదనే ఇల్లు చేతులు మార్చకండి. అలాంటి కాగితంతో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొనేవారు పర్లాకిమిడి వాస్తవ్యులైనా సరే, ఇల్లు ఆంధ్రలో ఉన్నది గనుక దస్తావేజు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలోనే నమోదు కావాలి.

నిజాయితీ మధ్యవర్తికి ఒక్కడికే ఉంటే చాలదు. అమ్మేవారికీ ఉండాలి. వర్షాకాలంలో గోడలోకి నీరు దిగుతుందా, స్థలానికి వివాదం ఉందా, పక్కింటివారితో గోడ తగాదా ఉందా, ఇవన్నీ మధ్యవర్తికి చెప్పి, కొనేవారికి తప్పక చెప్పమనండి. తెలిసిన లోపాన్ని దాచరాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటున్నది. ఇరువురూ సత్యం పలికి లోపాలు వెల్లడిస్తే వ్యాపారంలో బర్కత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకు పోతుందని దైవప్రవక్త (స) బోధించారు. ఇంటి లోపాన్ని దాచమని మీకు సలహా ఇచ్చే మధ్యవర్తి, తన లోపాన్ని మీ వద్ద దాచడని ఎలా నమ్మగలం?

మనిషి కుదిరాక మాటతో సరిపెట్టక ఒక కాగితం రాసుకోండి. అప్పునే రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని ఆదేశించిన ఖుర్ఆన్‌ను చదివే మనకు ఇది కొత్త కాదు. కమీషన్ ఎంత, ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అన్నది అందులో ఉండాలి. రిజిస్ట్రేషను పూర్తయిన రోజున ఇవ్వడం మేలు. బయానా సొమ్ము మధ్యవర్తి చేతికి కాక వారసుల బ్యాంకు ఖాతాలకు రావాలని రాయండి. గడువు మూడు నెలలో ఆరు నెలలో పెట్టండి. అసలు దస్తావేజు అతనికి ఇవ్వకండి, నకలు చాలు. మొత్తం సొమ్ము ముట్టేవరకు ఇంటి తాళాలు మీ వద్దనే ఉంచుకోండి. ఆ కాగితంపై తల్లి, కుమారులు, కుమార్తెలు అందరూ సంతకాలు చేయాలి. దూరాన ఉన్న చెల్లెలికి ఒక నకలు పంపాలి. తల్లిదండ్రుల ఇల్లు అమ్ముడుపోయినా, ఆ ఇంట పుట్టినవారి మధ్య రాకపోకలు నిలవాలంటే ఇంతపాటి శ్రమ తప్పదు. అల్లాహ్ మన క్రయవిక్రయాలలో బర్కత్ ప్రసాదించుగాక.