పాత పెట్టెను పగలగొట్టనివ్వకండి



ఎనుమాముల మార్కెట్టు దారిలో పాత సామాన్లు కొనే బండి మీద తలుపులున్న టీవీ పెట్టెను మీరెప్పుడైనా చూశారా? పక్కకు జరిగే చెక్క తలుపులు, నాలుగు కాళ్లు, లోపల ఉబ్బెత్తు గాజు తెర. మీ తాతయ్యల కాలంలో అది ఇంటికే అలంకారం. అంతకుముందు కలిగినవారి ఇళ్లలో రేడియోగ్రామ్ ఉండేది. అంటే రేడియో, రికార్డు ప్లేయరు ఒకే పెట్టెలో ఇమిడి ఉండేవన్నమాట. అమెరికాలో 1950లలోనే టీవీని కూడా వాటితో కలిపి ఒకే పెట్టెగా అమ్మారు.

ఇప్పుడు వాటిని తూకానికి అమ్మేస్తున్నాం. ఇది తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

సెల్‌ఫోను పాట పాడుతుంది. కాని ఎలా పాడుతోందో కంటికి కనిపించదు. రికార్డు అలా కాదు. భూతద్దంతో చూడండి, గాడి వంకరటింకరగా ఉంటుంది. ఆ వంకరలే ధ్వని తరంగాలు! స్పీకరు ఆపేసినా ముల్లు దగ్గర చెవి పెడితే పాట సన్నగా వినిపిస్తుంది. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డుల తయారీలో లక్క వాడేవారు. అది చెట్లపై లక్క పురుగులు స్రవించే పదార్థం.

ఒక లెక్క చేయండి. 30 సెం.మీ. వ్యాసం గల ఎల్.పి. రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. అంచు వద్ద దాని వేగం సెకనుకు సుమారు 52 సెం.మీ. కేంద్రానికి 6 సెం.మీ. దూరంలో 21 సెం.మీ. మాత్రమే. కోణీయ వేగం ఒకటే, రేఖీయ వేగాలు వేరు. ఈ పాఠాన్ని బల్లమీద తిరుగుతూ చూస్తే మరచిపోగలరా?

ఇక టీవీ. దాని పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ల పుంజం 625 గీతల లెక్కన సెకనుకు 25 బొమ్మలు గీసేది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు 'సైట్' ప్రయోగం జరిగింది. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలు ఉపగ్రహం ద్వారా టీవీ చూశాయి. ఆ సెట్లు తయారుచేసింది మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థే.

"పనిచేయని చెత్త బడికెందుకు? చోటు దండగ" అని కొందరంటారు. బొమ్మ రాదన్నది నిజమే. కాని అస్థిపంజరం నడవదని జీవశాస్త్రం గదిలోంచి తీసేస్తామా?

పైగా తూకానికి పోయిన పెట్టె గతి ఏమిటి? రాగి తీగ కోసం ట్యూబును పగలగొడతారు. లోపల శూన్యం ఉండటంవల్ల గాజు పేలినట్లు పగిలి ముక్కలు ఎగురుతాయి. ఆ గాజులో సీసం ఉంటుంది. అది మట్టిలో చేరితే విషమే. తీగల పైపూత కాల్చితే వచ్చే పొగ కూడా హానికరమే. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు 2011లోనే ప్రత్యేక నియమాలు వచ్చాయి, 2022లో వాటిని మార్చారు. కాని మనం ఇచ్చేది బండివాడికే అయితే నియమం ఏం చేస్తుంది?

కాబట్టి ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక రికార్డు ప్లేయరు, ఒక పాత టీవీ ఉండాలి. మిగిలినవి అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికే చేరాలి. ఒక్క హెచ్చరిక: టీవీని మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసినా ట్యూబులో ప్రమాదకరమైన విద్యుదావేశం మిగిలి ఉండవచ్చు. తెలిసిన మెకానిక్కే విప్పాలి, మీరు దూరం నుంచి చూడాలి.

ఈ ఆదివారం మీ అటక ఎక్కి చూడండి. పెట్టె దొరికితే, బండి రాకముందే మీ సైన్సు మాస్టారుకు చెప్పండి.