చిక్కుడుకు పొద్దు తగ్గాలి

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఆగస్టు నెలాఖరున తెలుగువారి పెరట్లోకి తొంగిచూస్తే సొరకాయలు పక్కింటికి అంటగట్టేంతగా కాస్తుంటాయి, చిక్కుడు పాదు మాత్రం కంచె ఎక్కి కూర్చుని ఒక్క పువ్వూ పూయదు. ఎరువు చాలలేదనుకుని ఇంకో గుప్పెడు యూరియా వేస్తారు, ఆకు ఇంకా బలుస్తుంది. తప్పు మట్టిది కాదు, పొద్దుది. జూన్‌లో హైదరాబాద్‌లో పగలు సుమారు 13 గంటలు, ఎడిసన్‌లో 15. మన పాత చిక్కుడు రకాలు పగలు కురచయితే గాని పూతకు రావు. సెప్టెంబరులో పూత మొదలై కాయ ముదిరేలోగా అక్టోబరు మంచు వచ్చిపడుతుంది. విచిత్రమేమిటంటే, అదే పొడుగు పగలు గోంగూరకు వరం: పూత వెనక్కి జరిగిన కొద్దీ ఆకు కోతలు పెరుగుతాయి. అందుకే నా ఓటు గోంగూరకే. వేసవి చివర పచ్చడి జాడీలు నింపేది అదే. చిక్కుడు లేకపోతే గడవదనేవాళ్లు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి రకాలు వెతుక్కోవాలి. వాటికి పగటి నిడివితో పేచీ లేదు. అలాగని అత్తగారి సూట్‌కేసులో మూటకట్టి తెప్పించొద్దు. అమెరికాలోకి విత్తనం రావాలంటే సాధారణంగా తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, లేదంటే ఎయిర్‌పోర్టులో చెత్తబుట్ట పాలయ్యేది ఆవిడ పరువు కూడా.