దారి చూపినవాని బాధ్యత

సాహసగాథ యనిన విద్యార్థులకు ప్రీతి. కొండలు, ఏరులు, వేట, ప్రాణాపాయము వర్ణించినచో తరగతి యంతయు నిశ్శబ్దమగును. కాని యేండ్ల క్రిందట యాత్రాసాహిత్యమును గూర్చి పాఠము చెప్పుచు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ కథను ముగింపగా, ఒక విద్యార్థి లేచి, "అయ్యా, ఇతడు వీరుడా, దోషియా?" అని యడిగినాడు. "వీరుడే" యని నేను తొందరపడి చెప్పితిని. ఆ సమాధానము నేటికిని నన్ను బాధించుచున్నది.

ఫిట్జ్‌పాట్రిక్ 1799లో ఐర్లండు దేశమున కేవన్ ప్రాంతమున జన్మించెను. ఆంగ్లేయుల యేలుబడిలో కాథలిక్కు ప్రజలు తరతరములుగా భూములను కోల్పోయిన దేశమది. యౌవనమున సముద్రము దాటి అమెరికా చేరిన యితడు, 1823లో మిస్సోరీ నదీమార్గమున బీవరు తోళ్ళకై వెడలిన వేటకాండ్రతో కలిసెను. మరుసటి యేడు జెడెడయా స్మిత్ దళముతో రాకీ పర్వతముల సౌత్ పాస్ కనుమను దాటెను. ఆదిమవాసులకు ఆ కనుమ క్రొత్తది కాదు. 1812లో కొందరు శ్వేతవర్తకులును దానిని దాటిరి. కాని పడమటికి పోదగిన త్రోవగా అది ప్రసిద్ధి కెక్కినది 1824 తరువాతనే.

1832లో ఒంటరిగా పోవుచుండగా శత్రువులు తరిమిరి. అతడు గుఱ్ఱమును కోల్పోయి, రాతిసందున దాగి, ఆకలితో దినములు గడపి, శుష్కించిన దేహముతో మిత్రులను చేరెను. ఆ కష్టముతో తల నెరసెనని చెప్పుదురు. తుపాకి ప్రేలి చేయి చెడినందున ‘విరిగిన చేయి’ యను పేరు వచ్చినది.

సాహసగాథ యిచ్చట ముగియును. విచారింపవలసిన కథ యిచ్చటనే మొదలగును.

తోళ్ళ వ్యాపారము క్షీణింపగా, 1841లో అతడు పడమటికి వలసపోవు కుటుంబములకు మార్గదర్శి యయ్యెను. 1849లో బంగారమునకై వేలకొలది జనులు ఆ దారినే పోయిరి. వారి పశువులు మైదానముల గడ్డిని మేసివేసినవి, అడవిదున్నలు తరిగిపోయినవి. 1846లో ప్రభుత్వము అతనిని ఆదిమవాసుల వ్యవహారములకు ప్రతినిధిగా నియమించియుండుటచే, తాను చూపిన దారి ఫలమును అతడే కన్నులార చూడవలసివచ్చెను. వారు ఆకలితో మాడుచున్నారని ప్రభుత్వమునకు నివేదించెను. 1851లో లారమీ కోట సమీపమున దాదాపు పదివేలమంది ఆదిమవాసులు కూడిన సభలో సంధి కుదుర్చుటకు తోడ్పడెను. ఏటేట 50,000 డాలర్ల చొప్పున 50 ఏండ్లు ఇత్తుమని అందు వాగ్దానము. సెనేటు ఆ గడువును తెగగోసెను.

1854 ఫిబ్రవరిలో అతడు వాషింగ్టన్‌లో మరణించెను. ఆ యేడు ఆగస్టులోనే, వలసజనుల ఆవు ఒకటి కారణముగా, లారమీ చెంత నెత్తురు పారెను. 1864లో సాండ్ క్రీక్ వద్ద సైనికులు షయాన్, అరాపహో స్త్రీలను, శిశువులను సైతము వధించిరి. వా రతడు ప్రతినిధిగా మెలగిన జనులే.

"అతడు కాకున్న మరియొకడు దారి చూపెడివాడు" అని కొందరందురు. నిజమే కావచ్చును. కాని యీ వాదముతో ఎవని బాధ్యతయు తీరదు. అతని ధైర్యము సత్యము; ఆ ధైర్యము వలన కలిగిన నష్టమును సత్యమే. తన జాతి భూములు పోగొట్టుకొన్న దుఃఖము నెరిగినవాడు, ఇతరుల భూమి పోవుటకు దారితీసెను. పిదప వారి పక్షమున పలికెను. కాని అప్పటికి ఆలస్యమైనది. ఈ మూడింటిని కలిపి చెప్పినప్పుడే చరిత్ర చెప్పినట్లు.

ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే. సాహసగాథలను మానవలదు. అమెరికా పటమున ఆ బాటను గీయించునపుడు, దాని కిరువైపుల నివసించిన లకోటా, షయాన్, అరాపహో జనుల పేర్లను గూడ వ్రాయింపుడు. నాటి విద్యార్థికి నేనీయవలసిన సమాధానమదియే.