గ్రూపులో క్రికెట్ జోకులు బంద్ పెట్టాలా?

పోస్టు పొడుగుంది, చాయ్ పక్కన పెట్టుకొని తీరిగ్గా చదవండి.

మన సంఘం గ్రూపులో ఐపీఎల్ జోకులు, మీమ్స్ పూర్తిగా బంద్ పెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. తెచ్చిన పెద్దల మీద నాకు గౌరవం ఉంది, వాళ్ళ బాధా తెలుసు. అయినా నేను ఒప్పుకోను. జోకులు ఆపినంత మాత్రాన కొట్లాట ఆగదు. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారు అన్నదే అసలు సంగతి. దాని మీద మాత్రం మనం ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

ముందు మన ఊరి తిప్పలు చెప్పుకుందాం. కమలనగర్‌లో ఉండే తెలుగువాడి క్రికెట్ కష్టం హైదరాబాదులో ఉండేవాడికి తెలియదు. జిల్లా బీదర్, రాష్ట్రం కర్ణాటక, కాబట్టి పిల్లలకు బెంగళూరు జట్టు. చుట్టాలంతా జహీరాబాద్, నారాయణఖేడ్, హైదరాబాద్ వైపు, కాబట్టి పెద్దలకు సన్‌రైజర్స్. దగ్గర్లోనే ఉద్గీర్, గోడకు అవతల మరాఠీ, కాబట్టి సగం గల్లీకి ముంబై. 1956 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే. సరిహద్దు గీతలు గీసినవాళ్ళు క్రికెట్ గురించి ఆలోచించినట్టు లేదు! ఒక్క ఇంట్లోనే మూడు జెండాలు. అందుకే ఇక్కడ జోకు పేలితే అది టీవీ ముందే ఆగదు, వంటింటి దాకా పోతుంది.

ఇప్పుడు బెంగళూరు జట్టు కథ చూడండి. 2009లో ఎన్నికల వల్ల ఐపీఎల్ దక్షిణాఫ్రికాకు పోయింది. జోహన్నెస్‌బర్గ్ ఫైనల్లో మన డెక్కన్ చార్జర్స్ చేతిలో 6 పరుగులతో ఓడారు. అంతకు ముందు ఏడాది 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున పడ్డ జట్టు అది! 2011లో చెన్నై చేతిలో ఓడారు. 2016లో సొంత మైదానంలోనే సన్‌రైజర్స్ చేతిలో, 8 పరుగులతో. అంటే ఆ మూడు ఫైనళ్ళలో రెండు హైదరాబాదే లాక్కుంది. 2017లో కోల్‌కతాలో 49కే ఆలౌట్. ఇన్ని దెబ్బలు తిన్న అభిమానులు ఏమన్నారు? ‘ఈ సల కప్ నమ్దే’ అన్నారు, ఈసారి కప్పు మనదే అని. మొదట నమ్మకంతో అన్నారు, తర్వాత తమ మీద తామే నవ్వుకుంటూ అన్నారు. 2024లో ఆడపిల్లల జట్టు ముందుగా కప్పు తెచ్చేస్తే, మగవాళ్ళ జట్టు మీద ఎక్కువ జోకులు వేసిందీ ఆ అభిమానులే. మనం ఎక్కిరించడానికి పోయేసరికి వాళ్ళు ముందే నవ్వేసి కూర్చున్నారు. ఇక మనకు మిగిలిందేంటి?

ఈ విద్య అమెరికావాళ్ళకూ బాగా వచ్చు. ఒహాయోలో ఉన్న మా మేనల్లుడు చెప్తుంటాడు. అక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకొని పరిగెత్తే ఆట. కోడిగుడ్డు లాంటి బంతి, తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు. 1980లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ అనే జట్టు 16 మ్యాచుల్లో ఒక్కటే గెలిచింది. అభిమానులు కిరాణా కాగితం సంచులకు కళ్ళ దగ్గర చిల్లులు పెట్టి, తలకు తొడుక్కొని స్టేడియానికి వచ్చారు. టికెట్టు కొనుక్కొని మరీ! జట్టు పేరులో మొదటి అక్షరం కొట్టేసి ‘ఎయింట్స్’ అన్నారు. వాళ్ళ భాషలో కాదు, లేదు అనే అర్థం వచ్చే మాట అది.

క్లీవ్‌లాండ్ వాళ్ళు ఇంకా ముదుర్లు. 2017 సీజన్లో వాళ్ళ బ్రౌన్స్ జట్టు ఆడిన 16 మ్యాచులూ ఓడింది. 2018 జనవరి 6న, గడ్డకట్టే చలిలో, వేలమంది స్టేడియం చుట్టూ ఊరేగింపు తీశారు. అచ్చం కప్పు గెలిచినవాళ్ళకు తీసినట్టే. పేరు ‘పర్ఫెక్ట్ సీజన్’ ఊరేగింపు. స్టేడియం చుట్టూ తిరిగితే సున్నా ఆకారం వస్తుందని ఆ దారి పట్టారు. పనిలో పనిగా ఊళ్ళో పేదలకు తిండి పంచే ఫుడ్ బ్యాంకుకు విరాళాలు పోగుచేశారు. కొందరు ఆటగాళ్ళకు కోపం వచ్చింది, రావడమూ సహజమే, ఒళ్ళు హూనం చేసుకునేది వాళ్ళు కదా. కానీ నా లెక్కలో ఆ నవ్వు ఆటగాళ్ళ మీద కాదు, ఏటా టికెట్ల డబ్బు తీసుకొని జట్టును ఆ గతికి తెచ్చిన యాజమాన్యం మీద.

అట్లా పైవాళ్ళ మీద రాసినాయన మన దేశంలోనూ ఒకరున్నారు. 2009లో, కోల్‌కతా జట్టు ఆటగాణ్ణని చెప్పుకుంటూ, పేరు దాచుకొని, ఓనర్లకూ స్టార్లకూ మారుపేర్లు తగిలించి రాస్తే దేశమంతా ఎగబడి చదివింది. మరుసటి ఏడాది చూస్తే ఆయన అసలు ఆటగాడే కాదు. అనుపమ్ ముఖర్జీ అని, బెంగళూరులో మార్కెటింగ్ పని చేసే మనిషి.

గురి తప్పితే ఎట్లుంటుందో కూడా చూశాం. 2024 సీజనుకు రోహిత్‌ను తీసి హార్దిక్ పాండ్యాను కెప్టెన్ చేసింది ముంబై యాజమాన్యం. సొంత వాంఖడేలో తిట్లు తిన్నది మాత్రం హార్దిక్. అదే మనిషి జూన్ 29న బార్బడోస్‌లో వరల్డ్ కప్ ఫైనల్ చివరి ఓవర్ వేసి వస్తే, వారం తిరగకముందే అదే వాంఖడే ఆయనకు జేజేలు కొట్టింది.

ఇక 2025. జూన్ 3న అహ్మదాబాద్‌లో బెంగళూరు పంజాబ్ మీద గెలిచింది. 6 పరుగులతోనే, 2009లో ఎంతతో ఓడారో అంతతోనే. మర్నాడు చిన్నస్వామి బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. పండగ చూద్దామని పోయినవాళ్ళు. ఆ తర్వాత మన గ్రూపులోకి ఒక బొమ్మ వచ్చింది. అందులో ఏముందో మళ్ళీ రాయను, చూసినవాళ్ళు మరిచిపోయి ఉండరు. పెట్టింది మనవాడే, ఎక్కడినుంచో వచ్చింది ఇటు తోసేశాడు. దానికి జవాబుగా తెలుగువాళ్ళ మీద ఒక మాట పడింది. దానికి జవాబుగా కన్నడ మీద ఇంకోటి. పది నిమిషాల్లో క్రికెట్ మాయమై భాష మిగిలింది. ఇద్దరు గ్రూపు వదిలి పోయారు. అందులో ఒకామె మన ఇంటి కోడలే, పుట్టిల్లు కన్నడం, మన బతుకమ్మకు పూలు తెచ్చి పేర్చే మనిషి.

ఆమెకు నేను ఫోన్ చేశాను. జోకులు బంద్ చేయమని ఆమె అడగలేదు. “అన్నా, ఆ బొమ్మ పెట్టినాయన ఒక్క మాట చెప్తే చాలు” అన్నది. ఆ ఒక్క మాట ఇంకా రాలేదు. అది చెప్పించే పని వదిలేసి మనం అందరి నోళ్ళకు తాళం వేద్దామంటున్నాం. ఆ బొమ్మలో తప్పు ఐపీఎల్ కాదు. చనిపోయినవాళ్ళను చూసి నవ్వడం తప్పు.

కాబట్టి నా లెక్క ఇది. మన జట్టు మీద మనం ఎంతైనా వేసుకుందాం. ఎదుటి జట్టు మీద వెయ్యాలంటే ముందు మన జట్టు మీద ఒకటి వేసి, అప్పుడు వేద్దాం. భాష మీద, చావు మీద వేస్తే మాత్రం అడ్మిన్ ఆ మనిషిని ఆ రోజే బయట పెట్టాలి, తిరిగి రావాలంటే అందరి ముందు క్షమాపణ చెప్పాలి. సన్‌రైజర్స్ వాళ్ళకు సరుకు తక్కువేం కాదు. 2024 ఏప్రిల్‌లో చిన్నస్వామిలో 287 కొట్టిన జట్టు, మేలో ఫైనల్లో 113కి చాప చుట్టేసింది. 2025లో మొదటి మ్యాచులో 286 కొడితే ఇక 300 ఖాయమని మనమంతా ఊగిపోయాం, చివరికి ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు. పైగా హైదరాబాద్ జట్టు అంటాం గానీ ఓనర్లు చెన్నై సన్ టీవీ వాళ్ళు. బెంగళూరు సంగతి చూస్తే, 2008లో విజయ్ మాల్యా 11 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొని, పేరు తన విస్కీ బ్రాండు మీద పెట్టుకున్నాడు. ఇట్లాంటి ఆస్తుల కోసం మన కోడళ్ళతో, అల్లుళ్ళతో కొట్లాడుకుంటున్నాం!

జోకు వెయ్యాల్సింది ఇంకోచోట ఉంది. ఓవరు ఓవరుకూ టీవీలో ‘జట్టు పెట్టు, కోటి కొట్టు’ అన్న తీరులో పిలిచిన యాప్‌లు గుర్తున్నాయా? 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేస్తే, టీమిండియా జెర్సీ మీదున్న డ్రీమ్ 11 పేరు ఆ నెలలోనే పోయింది. అంతకు ముందు ఎంత పోగొట్టుకున్నారో మీ ఇంట్లో పిల్లల్ని మెల్లగా అడిగి చూడండి. దాని మీద మన గ్రూపులో ఒక్క మీమ్ కూడా రాలేదు.

మరి ముంబైవాళ్ళ సంగతేంటని మా తమ్ముడు అడిగాడు. ఐదు కప్పులు పెట్టుకున్నవాళ్ళు తమ మీద తాము ఏం జోకు వేసుకుంటారని. 2024లో పది జట్లకు పదో స్థానం వాళ్ళదే. మొహమాటం లేకుండా వాడుకోమనండి, ఒక సీజనుకు సరిపోతుంది.