గులాబీ పువ్వుల పళ్లెం మాత్రం తగ్గించొద్దు

బోనస్ దసరాకి ముందే వచ్చేస్తుంది. క్రిస్మస్ డిసెంబరు చివర్లో వస్తుంది. భిలాయ్‌లో మా తెలుగు క్రైస్తవ కుటుంబాల పండగ చిక్కంతా ఈ రెంటి మధ్య రోజుల్లోనే ఉంది. 2022లో ఇక్కడి ఉక్కు ప్లాంటు నడిపే సెయిల్ ఉద్యోగులకు 40,500 రూపాయలు ముట్టాయి. మరుసటి ఏడాది 23,000. ఎంత ముట్టినా దుర్గాపూజ పందిళ్లు విప్పేసరికి సగం, దీపావళి మిఠాయి డబ్బాలతో మిగతా సగం అయిపోతుంది. అదీ పర్మనెంటు వాళ్ల సంగతి. ప్లాంటులో ఠేకా (కాంట్రాక్టు) పని చేసుకునే ఖుర్సీపార్ కుర్రాళ్లకి ఆ లెక్క వర్తించదు. చట్టం చెప్పిన 8.33 శాతం ఠేకేదారు చేతిలో పెడితే వాళ్లకదే గొప్ప.

మా సంఘంలో స్త్రీల సమాజం లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. అందుకని ఎవరింట్లో జనవరి ఎలా గడుస్తుందో నాకు తెలియకుండా పోదు. డిసెంబరులో కానుక కవరులో ఐదొందలు పెట్టిన మనిషే సంక్రాంతి వెళ్లాక వస్తుంది. "అక్కా, సమాజం డబ్బుల్లోంచి ఒక వెయ్యి సర్దుతావా, గ్రూపు లోను కిస్తీ కట్టాలి" అంటుంది తల వంచుకుని. వాళ్ల గుమ్మానికి కట్టిన సీరియల్ లైట్లు అప్పటికింకా విప్పి ఉండరు.

ఖర్చు తగ్గించుకోండని పాస్టరు గారు ఏటా చెప్తారు. అందరం ఆమెన్ అంటాం. ఆరాధన అయ్యాక సగంమంది అటునుంచి అటే సుపేలా సండే బజారుకి పోతారు, మిగతావాళ్లు పవర్‌హౌస్ మార్కెట్‌కి. తగ్గించమంటే సరిపోదు, ఏది తగ్గించాలో కూడా చెప్పాలి అని నా అభిప్రాయం. చెప్పకపోతే జనం తగ్గించకూడనిదే ముందు తగ్గిస్తారు. ఈ పదేళ్లలో మా వీధుల్లో జరిగింది అదే. లైట్లు పెరిగాయి, పక్కింటికి వెళ్లే పళ్లేలు చిన్నవయ్యాయి. కొన్ని ఇళ్లలో పళ్లెం పోయి ఫోనులో కేకు బొమ్మ మిగిలింది. వీధికి చూపించే ఖర్చు కోసుకోవాలి, వీధికి పంచే ఖర్చు కోసుకోకూడదు. ఇంతకంటే నేను చెప్పేదేం లేదు గానీ, ఎలాగన్నది మాత్రం కాస్త వివరంగా చెప్తాను.

ముందు నక్షత్రం. ఆకాశగంగ దుకాణాల్లో మూడు నాలుగొందలు పెడితే మెరిసే కాగితపు నక్షత్రం వస్తుంది, మంచుకి తడిసి ముడుచుకుని మరుసటి ఏడాదికి పనికిరాదు. మా నాన్న ఒక్కటీ కొనలేదు. ఆయన టెక్కలి నుంచి వచ్చి రైల్ మిల్లులో చేరిన మనిషి, కొలత తప్పితే ఊరుకోరు. బుట్టలల్లేవాళ్ల దగ్గర వెదురు బద్దలు తెచ్చి సమానంగా పది కోసేవారు. ఐదు బద్దలతో ఒక చుక్క, ఐదు బద్దలతో ఇంకో చుక్క. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనల దగ్గరా దారంతో బిగించాలి. తర్వాత లోపలి ఐదు మూలల్లో జానెడు పుల్లలు ఐదు అడ్డం పెట్టి ఎడం చేస్తే, పలకలా ఉన్న చుక్క కాస్తా రెండువైపులా ఉబ్బుతుంది. ఆ పుల్లలు ఐదూ ఒకే పొడుగు లేకపోతే నక్షత్రం మెడ వంకర పెడుతుంది. పైన గాలిపటాల కాగితం, అంటించడానికి మైదా ఉడికించిన జిగురు. ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే బొద్దింకలు కాగితం కొరకవు. అది విషం కాబట్టి ఆ పని పెద్దవాళ్లే చెయ్యాలి, గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పండగయ్యాక కాగితం చింపేసి వెదురు గూడు అటక మీద పెడితే, మరుసటేడు కాగితం ఖర్చు ఒక్కటే.

నక్షత్రం చెయ్యడం లెక్కల పాఠమని నవ్వేవాళ్లకి ఒక మాట. జర్మనీలో నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ క్రైస్తవుల బడి ఒకటుండేది. ఇప్పుడు లోకమంతా వేలాడే ఆ ముళ్ల ముళ్ల నక్షత్రం 1830ల్లో ఆ బడిలోనే, పిల్లలకి రేఖాగణితం నేర్పడానికి చేయించినదని చెప్తారు. అంటే అది కొనడానికి కాదు, నేర్చుకోవడానికి పుట్టింది. మన సండే స్కూల్లో ఒక శనివారం మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే పిల్లలకి పనీ ఉంటుంది, ఇళ్లకి నక్షత్రాలూ వస్తాయి. వెదురే ఎందుకు, ప్లాంటులో తీగలుంటాయి కదా అని మా కుర్రాడొకడు అన్నాడు. గేటు దగ్గర కాపలా ఉండే సిఐఎస్ఎఫ్ వాళ్లకి ఆ మాట నువ్వే చెప్పు నాయనా అన్నాను.

లోపలి దీపం ఖర్చు గురించి భయపడాల్సిందేం లేదు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకి ఆరు గంటలు, నెలంతా వెలిగినా రెండు యూనిట్లు కాలదు. వెనకటి అరవై వాట్ల బల్బయితే దాదాపు పదకొండు యూనిట్లు, పైగా కాగితానికి తగిలితే నిప్పు. కాబట్టి ఇంటికొక నక్షత్రం, ఒక బల్బు ఉండనివ్వండి. గోడలంతా, జామచెట్టంతా, స్కూటరు షెడ్డంతా పాకే సీరియల్ లైట్ల గురించే నా గొడవ. కరెంటు బిల్లు అటుంచండి, ఏటా నవంబరులో పెట్టె తీస్తే సగం వరస వెలగదు, కొత్తవి కొంటాం. లైట్లు చర్చికి కడదాం, లేదా వీధి మొగలో అందరం కలిసి ఒకచోట కడదాం. గణేశుడికి వీధికొక పందిరి వేసుకుంటారు గానీ ఇంటికొక పందిరి వెయ్యరు కదా. ఆ తెలివి వాళ్ల దగ్గర నేర్చుకోవడంలో తప్పేం లేదు.

చెట్టు సంగతి త్వరగా చెప్పేస్తాను. జున్వానీ మాల్‌లో పెట్టినంత ప్లాస్టిక్ చెట్టు మన రెండు గదుల క్వార్టర్లలో పట్టదు, దుమ్ము దులపలేం. అసలు ఈ ఊళ్లో అలంకరించిన చెట్టు బాగా తెలిసినవాళ్లు ప్లాంటు కట్టడానికి వచ్చిన రష్యన్లే, వాళ్లకది క్రిస్మస్ చెట్టు కాదు. సోవియట్ దేశంలో 1935 చివర్లో దాన్ని కొత్త సంవత్సరపు చెట్టుగా మళ్లీ అనుమతించారు. పేరు మార్చినా చెట్టు చెట్టే, పండగ పండగే. నర్సరీలో మోర్‌పంఖీ మొక్క ఒకటి తెచ్చి కుండీలో పెట్టండి. డిసెంబరులో దూది అంటించండి, జనవరిలో తీసేసి నీళ్లు పొయ్యండి. ఏడాదంతా గుమ్మంలో పచ్చగా ఉంటుంది.

ఇక కానుకలు. చీటీలు తీసి క్రిస్మస్ ఫ్రెండ్‌కి బహుమతి ఇచ్చే అలవాటు మా యూత్‌లో మొదలై స్త్రీల సమాజానికీ పాకింది. వందలో మొదలైంది ఐదొందలకి చేరింది. ఎవరికీ అక్కర్లేని ఫోటో ఫ్రేములు, గాజు ఏనుగులు చేతులు మారుతూ ఇంటింటా తిరుగుతున్నాయి. నాకు వచ్చిన పింగాణీ బాతుల జత నేను ఇంకొకరికి ఇవ్వబోతే, ఆవిడే ముందు కొన్నదట! అందుకని రెండు షరతులు పెట్టాలని నా వాదన: నూట యాభై దాటకూడదు, వంటింట్లో వాడేదో తినేదో అయి ఉండాలి. ఆంధ్రాలో 2014 తర్వాత కొన్నేళ్లు ప్రభుత్వం క్రిస్మస్‌కి చంద్రన్న కానుక అని సంచి ఇచ్చేది. అందులో శనగపప్పు, బెల్లం, గోధుమపిండి, పామాయిలు, నెయ్యి. రాజకీయం ఎలా ఉన్నా, పండగకి ఇంటికేం కావాలో ఆ సంచి కట్టినవాడికి తెలుసు. మా చెల్లెలు విశాఖ నుంచి వచ్చేటప్పుడు పలాస జీడిపప్పు తెస్తుంది. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ ఉంది కాబట్టి అదే రోజు రాత్రికి వచ్చేస్తోంది. ఇక్కడి కొట్టు ధరకీ అక్కడి ధరకీ తేడాలో కొంత టికెట్టుకి కలిసొస్తుందంటుంది. అందులో సగం ఆవిడ గొప్ప చెప్పుకోవడమేననుకోండి.

పిల్లలకి మన దగ్గర క్రిస్మస్ అంటే బొమ్మలు కాదు, కొత్త బట్టలు. వాటిని మానమనడానికి నాకు నోరు రాదు. మా చిన్నప్పుడు ఒకే తానులో గుడ్డ తెచ్చి అన్నదమ్ములకి చొక్కాలు, ఆడపిల్లలకి గౌన్లు కుట్టించేవారు. కేరల్స్‌లో ఏ పిల్ల ఏ ఇంటిదో చీకట్లో కూడా తెలిసిపోయేది. ఇప్పటి పిల్లలు ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. ఒక్క జత చాలు అని మాత్రం చెప్పొచ్చు. సెమీ క్రిస్మస్‌కి ఒకటి, ఇరవై నాలుగు రాత్రికి ఒకటి, ఇరవై ఐదుకి ఒకటి, జనవరి ఒకటికి ఒకటి... ఈ వరస ఎవరు మొదలుపెట్టారో గానీ బైబిల్లో లేదు.

ఇన్ని కోతలు పెట్టిన దాన్ని, ఒక్కచోట మాత్రం చెయ్యి కట్టేసుకోవద్దంటాను. అది పళ్లెం. భిలాయ్‌ని మినీ ఇండియా అంటారు. ఆ పేరు మా వీధుల్లో పళ్లేల మీద నడుస్తుంది. తీజాకి ఛత్తీస్‌గఢీ వాళ్లింటి నుంచి ఠేఠరి, ఖుర్మీ వస్తాయి. ఓణానికి మలయాళీ వాళ్ల పాయసం, సంక్రాంతికి బెంగాలీ వాళ్ల పిఠాలు, లోహ్రీకి సర్దార్జీ ఇంటి రేవడీలు. ఛత్తీస్‌గఢ్‌లో క్రైస్తవులం 2011 జనాభా లెక్కల ప్రకారం రెండు శాతం కూడా లేం. అంత తక్కువమంది పండగ పక్కవాడికి తెలిసేది లైట్ల వల్ల అనుకుంటే పొరపాటు.

ఖరీదైన పిండివంటలేం అక్కర్లేదు. గులాబీ పువ్వులు చాలు. బియ్యప్పిండి, కాస్త మైదా, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు, నువ్వులు. మలయాళీలు అచ్చప్పం అనేది ఇదే, అందుకే వాళ్లకిస్తే తప్పులు కూడా పట్టి పెడతారు. అచ్చు వీధికొకటుంటే చాలు, మా సమాజం అచ్చు ఇంటింటికీ తిరుగుతుంది. అచ్చుని ముందు నూనెలో బాగా కాగనిచ్చి పిండిలో ముప్పావు వంతే ముంచాలి. అంచు దాటి మునిగిందా, పిండి పైన కూడా కప్పేసుకుని పువ్వు ఊడి రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ అక్కడే విసుగెత్తి అచ్చుని బాదుతారు. బాదకూడదు, చల్లారిన అచ్చుని మళ్లీ కాచాలి. నలుగురు కూర్చుంటే ఒక మధ్యాహ్నంలో డబ్బా నిండుతుంది. నూనె, పిండి నలుగురి మధ్య పంచుకుంటే ఇంటికి పడేది ఒక సీరియల్ లైటు ఖరీదే.

ఇదంతా ముసలమ్మ చాదస్తమనే మా యూత్ వాళ్లకీ ఒకటి చెప్పాను. పుష్య పున్నమి నాడు ఛేరఛేరాకి ఇక్కడి పిల్లలు సంచులు పట్టుకుని ఇంటింటికీ వచ్చి ధాన్యం అడుగుతారు. ఇచ్చే ఇల్లు చిన్నదా పెద్దదా చూడరు, దోసెడు చాలు. మన కేరల్స్ బృందం వెళ్లినప్పుడు ఠేకా మనిషి ఇంట్లో కూడా టీ, సమోసా, కానుక కవరు కోసం ఎదురుచూడటం ఎందుకు? ఈసారి అతనింటికి పాడి, మనమే పళ్లెం ఇచ్చి వద్దాం.

ఈ మాటకి ఎవరూ కాదనలేదు. గొడవంతా యూత్ వాళ్లు పెడదామంటున్న లైట్ల గేటు, డీజే మీదే. గేటు లైట్లకి వాళ్లు అడిగినదాంట్లో సగం ఇచ్చాం, మిగతా సగం పెట్టి నూనె డబ్బా, పంచదార తెచ్చాం. డీజే కోసం ఇంటికి రెండొందలు ఎత్తుతామంటున్నారు. "ఆంటీ, డప్పు, గిటారు వింటే ఎవరొస్తారు" అని యూత్ సెక్రటరీ వాదన. ఎవరూ రాకపోతే మనమే పాడుకుందామని నా వాదన. తేలలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ కూర్చుంటున్నాం, లెక్కల పుస్తకం తీసుకుని వెళ్తాను.