మనుషులు తాగని నీరు ఇంజనుకు పనికివస్తుందా?

అనంతపురం ప్రాంతంలో పాత డీజిలు జీపు ఏదైనా మిట్ట ఎక్కలేక ఆవిరి కక్కిందంటే, చుట్టూ చేరినవారు చెప్పే తీర్పు ఒక్కటే: "దానికి వయసైపోయింది, ఈ ఎండలకు తట్టుకోలేదు." ఈ తీర్పు చెప్పడానికి శ్రమ అక్కరలేదు. ఆపైన బండిని అయినకాడికి అమ్ముకోవాలి, లేదా ఇంజను విప్పించాలి. బండి మీద బతికే కుటుంబానికి ఈ రెండూ అప్పులోకి దించే దారులే. నా అభిప్రాయంలో ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటు. వయసు కన్నా ముందు అనుమానించవలసినవి రెండున్నాయి: ఈ నేల లోపలి నీరు, ఈ నేల మీది దుమ్ము.

ముందు నీటి సంగతి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమ ఇది. బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతి పొరల లవణాలు నీటిలో ఎక్కువవుతాయి. ఫ్లోరైడు బెడద వలన ఇక్కడి ఊళ్లకు వేరేచోటినుండి తాగునీరు తేవలసి వచ్చింది. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు ఆ నీరందించింది. ఫ్లోరైడు మనిషి ఎముకలకు శత్రువైతే, అదే బోరునీటిలోని సున్నం ఇంజనుకు శత్రువు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకొనే పొరే రేడియేటరు సన్నని గొట్టాలలోనూ, సిలిండర్ల చుట్టూ ఉండే నీటి దారులలోనూ పేరుకుంటుంది. ఇనుముతో పోలిస్తే ఆ పొర గుండా వేడి పదుల రెట్లు మందంగా ప్రవహిస్తుంది. నీరు నిండుగానే ఉంటుంది, ఇంజను మాత్రం ఉడుకుతూనే ఉంటుంది.

ఇందులో నాకు వింతగా తోచేది ఒకటుంది. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ కొని పోసే చేయే రేడియేటరుకు వచ్చేసరికి దగ్గరి బోరు కింద బిందె పెడుతుంది. బ్యాటరీ చెడితే బండి ఆ పూటే కదలదు. రేడియేటరు పూడిపోవడానికి ఏళ్లు పడుతుంది. ఆలస్యంగా పడే శిక్షకు మనం భయపడము. కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయడానికి అయ్యే ఖర్చు, వేడికి వంగిన సిలిండర్ హెడ్డును బాగుచేయించే ఖర్చు ముందు లెక్కలోనిది కాదు.

ఇక గాలి సంగతి. 42 డిగ్రీల ఎండలో గాలి, 25 డిగ్రీలనాటి గాలి కన్నా సుమారు 5 శాతం పలుచన. పట్టణం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తున ఉన్నందున మరో 4 శాతం తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న టర్బో ఈ లోటును చాలావరకు పూడ్చగలదు. కానీ ఎర్రదుమ్ముతో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, టర్బో నుండి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం చీలినా అది ఏమీ చేయలేదు. గాలి చాలక బలం తగ్గుతుంది. బలం తగ్గిందని డ్రైవరు యాక్సిలరేటరు మరింత తొక్కుతాడు. కాలీకాలని డీజిలు నల్లపొగ అవుతుంది, పొగగొట్టంలోకి పోయే వాయువుల వేడి పెరుగుతుంది, ఆ వేడి హెడ్డుకు, హెడ్డునుండి నీటికి చేరుతుంది. బండి లాగకపోవడం, వేడెక్కడం రెండు వేరు జబ్బులని తలచి రెండు చికిత్సలు చేస్తాము. చాలాసార్లు రెంటికీ తల్లి ఒక్కటే.

కనుక విప్పడానికి ముందు విచారణ కావాలి. మిట్ట ఎక్కేటప్పుడు, బరువుతో పోయేటప్పుడు మాత్రమే వేడెక్కితే రేడియేటరును లోపల సున్నానికి, బయట దుమ్ముకు, వేరుశనగ పొట్టుకు పరీక్షించాలి. నిలిచి ఉన్నప్పుడు వేడెక్కి, పరుగులో చల్లబడితే దోషం ఫ్యానుది. చల్లని ఇంజనును నడిపించిన కొద్దిసేపటికే రేడియేటరులో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్టును అనుమానించాలి. బలం తగ్గినచోట పొగ రంగు చూడాలి. నలుపైతే గాలి చాలడం లేదు. పొగే లేక బండి నీరసిస్తే డీజిలు అందడం లేదు, డీజిలు ఫిల్టరుతో మొదలుపెట్టాలి. తెలుపైతే పంపు టైమింగో, ఇంజెక్టర్లో, సిలిండరులోకి దిగుతున్న నీరో. బ్రేకులు పట్టుకుని ఉన్నా ఈ రెండు లక్షణాలూ కలిసే వస్తాయి. చక్రాల దగ్గరి వేడి ఆ సంగతి చెబుతుంది. రేడియేటరు మూతనూ మరువరాదు. సుమారు 0.9 బార్ ఒత్తిడిని నిలిపే మూత ఉంటే నీరు 118 డిగ్రీల వరకు మరగదు. మూత స్ప్రింగు బలహీనపడితే 100 దగ్గరే మరుగుతుంది. ఇంజను వేడిగా ఉండగా ఆ మూతను విప్పకూడదని వేరే చెప్పనక్కరలేదు.

1998 నాటి టాటా సఫారీ, 2002లో వచ్చిన తొలి మహీంద్రా స్కార్పియో వంటి టర్బో డీజిలు బండ్లలో ఈ విచారణ మరింత అవసరం. వేడి హద్దు మీరితే తనంతట తానే బలం తగ్గించి ఇంజనును కాపాడే కంప్యూటరు మెకానికల్ పంపు కాలంలో లేదు. ముల్లే దిక్కు. ఆ ముల్లు కూడా, నీరు బాగా తగ్గిపోయి సెన్సరుకు తగలకపోతే, వేడి పెరుగుతున్నా కిందికి దిగుతుంది. అది చూసి సంతోషించేవారున్నారు.

అన్నిటికన్నా నేను గట్టిగా వ్యతిరేకించేది థర్మోస్టాటును పీకి పారవేసే ఆచారాన్ని. అది లేకుంటే పొద్దున ఇంజను త్వరగా వేడెక్కదు, డీజిలు సరిగా కాలదు, సిలిండర్లు అరుగుతాయి. పైగా చాలా ఇంజనులలో పక్కదారిని మూసేది ఆ థర్మోస్టాటే. దానిని తీసివేస్తే వేడినీటిలో కొంత రేడియేటరుకు పోకుండానే వెనక్కు తిరుగుతుంది. చల్లదనం కోసం చేసిన పని మిట్ట మీద వేడినే పెంచవచ్చు. రోగమొకటి, మందొకటి అంటే ఇదే.

ఇందుకు మెకానిక్కును మాత్రమే నిందించడం అన్యాయం. బండి సాయంత్రానికి కదలాలని ఒత్తిడి చేసేది యజమాని. కదిలించి చూపినవాడికే కూలి ఇస్తాము, కారణం వెదికినవాడికి ఇవ్వము. ఒక గంట విచారణకు కూడా కూలి కట్టే అలవాటు వస్తే ఎన్నో ఇంజనులు విప్పకుండానే బాగుపడతాయి. పాలమూరులోనూ ప్రకాశం జిల్లా మెట్టలోనూ బోరునీరు ఇటువంటిదే. అక్కడి మిత్రులు తమ ఊరి బండ్లకు ఏ నీరు పోస్తున్నారో ఒకసారి గమనించవలసిందిగా నా మనవి.